ఒక విమాన ఇంజనీరు ఉద్యోగ పర్వం

ఉగాది సంచికలో కవులను గురించి, రాజులను గురించి, పుణ్యక్షేత్రాలను గురించి వ్యాసాలు రావడం పరిపాటి. అవి ఉండవలసినవే. ఉన్న ఊరు విడిచి వచ్చి నాలుగు తరాలుగా ఈ ఒడిశా గడ్డ మీద కాపురముంటున్న మన కుటుంబాలకు ఆ కథలు పుట్టింటి సారె వంటివి. కాని ఈ సంవత్సరం మేము వేరొక త్రోవ పట్టి, ఒక ఇంజనీరు ఉద్యోగ చరిత్ర చెప్పదలచాము. ఆయన పుట్టింది మనకు పొరుగున ఉన్న బరంపురంలో. పేరు డాక్టర్ కోట హరినారాయణ. మన దేశం తయారు చేసిన తేజస్ యుద్ధ విమానానికి ఆయన ప్రధాన రూపకర్త, కార్యక్రమ సంచాలకుడు.

మన ఇళ్ళలో పిల్లవాడు పదో తరగతి దాటగానే ఇంజనీరు కావాలంటాము. సివిలు, మెకానికలు, ఎలక్ట్రికలు, కంప్యూటరు అని నాలుగు పేర్లు చెబుతాము. వీటన్నిటికీ నడుమ పనిచేసే ఇంజనీరు ఒకడున్నాడు. ఆయనను విమాన పరిశ్రమలో సిస్టమ్స్ ఇంజనీరు అంటారు. ఆ పని ఏమిటో మన పెద్దలలో చాలామందికి తెలియదు. అందుచేత ముందుగా అదే చెప్పి, తరువాత కథలోకి వస్తాము.

మేము రైల్వే గుమాస్తాలం. మాకు తెలిసిన లోకంలోనుంచే ఉపమానం చెబుతాము. పట్టాలను చూసుకునే శాఖ ఒకటి, ఇంజన్లను చూసే శాఖ ఒకటి, పెట్టెలను చూసేది మరొకటి, సిగ్నళ్ళది ఇంకొకటి. ఎవరి పని వారు నిర్దుష్టంగా చేసినా, ఒకరి పని మరొకరి పనితో కలిసేచోట పొరపాటు జరిగితే బండి క్షేమంగా గమ్యం చేరదు. అందుకే మన పెద్దలు ఇంటర్‌లాకింగు అనే ఏర్పాటు చేశారు. పాయింట్లు సరిగా కూర్చుని తాళం పడితే తప్ప సిగ్నలు పచ్చ చూపదు. స్టేషను మాస్టరు కోరినా, డ్రైవరు తొందరపెట్టినా చూపదు. ఇది పట్టాల గుణమూ కాదు, దీపం గుణమూ కాదు. రెండింటి మధ్య ఉన్న కట్టుబాటు గుణం.

పండుగనాడు చెప్పదగని మాటే కాని, ఒడిశాలో ఉన్న మనం మరువలేము. 2023 జూన్ 2వ తేదీన బాలాసోర్ సమీపంలోని బహానగా బజార్ స్టేషనులో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ లూపు లైనులోకి పోయి నిలిచి ఉన్న గూడ్సు బండిని ఢీకొన్నది. 290 మందికి పైగా మరణించారు. ఇంజను మంచిదే, డ్రైవరు చూసిన సిగ్నలు పచ్చదే. సిగ్నలు తీగలను మార్చి కలిపేచోట జరిగిన లోపాలే కారణమని విచారణలో తేలింది. అతుకు దగ్గర పొరపాటు అంటే ఎంత మూల్యమో దీనిని మించి వివరించనక్కరలేదు.

రైలుకైతే పట్టాలు ఉన్నాయి, ఆపడానికి బ్రేకులు ఉన్నాయి. ఆకాశంలో విమానాన్ని ప్రక్కన ఆపి మరమ్మతు చేయడం కుదరదు. కావున అన్ని అతుకులనూ నేల మీద ఉండగానే ఆలోచించి, పరీక్షించి, కాగితం మీద వ్రాసి పెట్టేవాడు ఒకడు కావాలి. రెక్క చేసేవాడికీ, ఇంజను తెచ్చేవాడికీ, కంప్యూటరు వ్రాసేవాడికీ, పైలటుకూ మధ్య నిలబడి, అందరి భాషా నేర్చుకొని, మొత్తం విమానానికి పూచీ పడే మనిషే సిస్టమ్స్ ఇంజనీరు.

ఇక బరంపురం సంగతి. పట్టుచీరలకు పేరుపడ్డ ఆ పట్టణం 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు రాజధానిలోనిదే. గంజాం జిల్లాలో తెలుగూ ఒడియా ఒకే వీధిలో పెరిగిన భాషలు. రైల్వే కార్మికుల సంఘాలకు నాయకత్వం వహించి, 1969 నుండి 1974 వరకు రాష్ట్రపతిగా ఉన్న వరాహగిరి వెంకటగిరిగారు 1894లో పుట్టింది అక్కడే. ఆ బరంపురంలోనే 1943లో హరినారాయణగారు జన్మించారు. కోట అనే ఇంటిపేరు మన చెవులకు పరాయిది కాదు గదా!

ఆయన చదువు మూడు దూరదేశాలలో సాగింది. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగు పట్టం, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో విమాన శాస్త్రంలో పై పట్టం, బొంబాయి ఐ.ఐ.టి.లో డాక్టరేటు. తరువాత హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థలోనూ, రక్షణ పరిశోధన శాఖలోనూ ఉద్యోగం చేశారు. 1980ల తొలి సంవత్సరాలలో నాసిక్ కర్మాగారానికి ప్రధాన రూపకర్త అయ్యారు.

ఈ నాసిక్ విషయం కొంచెం ఆగి చూడవలసినది. రష్యావారి మిగ్-21 విమానాలు మన వాయుసేనలో 1963లో చేరాయి. వాటిని లైసెన్సు మీద మన దేశంలోనే తయారు చేశారు. శరీరం నాసిక్ దగ్గర ఓఝర్‌లో, ఇంజను మన కోరాపుట్ జిల్లా సునాబేడలో, లోపలి ఎలక్ట్రానిక్ సామగ్రి హైదరాబాదులో. ఒక విమానానికి మూడు ఊళ్ళు! మహారాష్ట్రలోనూ ఒడిశాలోనూ స్థిరపడిన తెలుగువారికి ఈ పేర్లు బాగా పరిచితాలు.

కాని లైసెన్సు మీద చేయడంలో ఒక లోటు ఉన్నది. వచ్చిన పటాన్ని చూసి ముక్క కోయవచ్చు, బిగించవచ్చు. ఆ ముక్క అంతే మందం ఎందుకుండాలో పటం చెప్పదు. వంట పుస్తకం చూసి పులిహోర చేయగలిగినవాడికి చింతపండు పుల్లన తగ్గితే ఏం చేయాలో తెలియనట్లే ఇది. మన దేశం అంతకు ముందు పూర్తిగా స్వంత రూపకల్పనతో చేసిన యుద్ధ విమానం మారుత్. జర్మను నిపుణుడు కుర్ట్ టాంక్ ఆధ్వర్యంలో అది 1961 జూన్ 17న తొలిసారి ఎగిరింది. ఆ తరువాత అటువంటి పూర్తి కొత్త రూపకల్పన మరొకటి చాలాకాలం రాలేదు. మారుత్ చేసిన చేతులు ముసలివయ్యాయి. పాత వంటవారు వెళ్ళిపోయి కొత్తవారికి పుస్తకమే మిగిలినట్లయింది.

ఈ పరిస్థితిలో 1983లో ప్రభుత్వం తేలికపాటి యుద్ధ విమానం తయారీకి అనుమతి ఇచ్చింది. మిగ్-21 స్థానంలో అది రావాలని ఉద్దేశం. 1984లో బెంగుళూరులో ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ ఏర్పడింది. జాతీయ విమానశాస్త్ర ప్రయోగశాలకు 1965 నుండి 1984 వరకు డైరెక్టరుగా ఉన్న డాక్టర్ ఎస్. ఆర్. వల్లూరిగారు ఈ ఏజెన్సీకి మొదటి డైరెక్టర్ జనరల్. విమానం ఎంత దూరం పోవాలి, ఎంత బరువు మోయాలి, ఎంత వేగం కావాలి అన్న కోరికల పట్టికను వాయుసేన 1985లో ఖరారు చేసింది. కార్యక్రమ సంచాలకత్వమూ, ప్రధాన రూపకర్త బాధ్యతా హరినారాయణగారి మీద పడ్డాయి. 2002 దాకా ఆయన ఆ బరువు మోశారు.

ఆ కుర్చీలో కూర్చున్న మనిషి చేసే పని ఎటువంటిదో ఒక్క ఉదాహరణతో చెబుతాము. విమానం ముక్కు భాగంలో ఒక పెట్టె నాలుగు కిలోల బరువు పెరిగిందనుకొందాం. పెట్టె చేసినవాడికి అది చిన్న విషయం. కాని దానితో విమానం తూకం ముందుకు జరుగుతుంది. తూకం మారితే నడిపే కంప్యూటరులోని లెక్కలు మార్చాలి. లెక్కలు మారితే రెక్కల అంచులను కదిలించే నూనె యంత్రాల మీద పడే పని మారుతుంది. అందువల్ల గొట్టాలు మారవచ్చు, గొట్టాలు మారితే మళ్ళీ బరువు మారుతుంది. ఈ గొలుసంతా తలలో పెట్టుకొని, ఏ మార్పు ఎవరెవరిని తాకుతుందో చూసి, అవునో కాదో చెప్పడమే ఆ ఉద్యోగం.

దీనికి పెద్ద సాధనం కాగితం. ప్రతి పటానికీ ఒక అంకె, ప్రతి మార్పుకూ ఒక నమోదు, సంతకం, తేదీ, సంబంధించినవారందరికీ నకలు. పాత పటం చూసి ఎవడూ కొత్త ముక్క చేయకూడదు. మాబోటి గుమాస్తాలకు ఈ సంగతి తెలిసినప్పుడు కొంత గర్వం కలిగింది. రిజిస్టరు సరిగా వ్రాయనివాడు గూడ్సు షెడ్డును నడపలేడు, విమానాన్ని అసలే ఎగరవేయలేడు.

తేజస్ విషయంలో అన్నిటికన్నా కఠినమైన నిర్ణయం దానిని నడిపే పద్ధతి. మామూలు విమానం గాలికి చెదిరినా తనంతట తానే నిలకడకు వస్తుంది. యుద్ధ విమానం చప్పున మలుపు తిరగాలి, కాబట్టి దానిని కావాలనే నిలకడ లేనిదిగా కూర్చారు. అరచేతి మీద కర్రను నిలబెట్టి నడిచే పిల్లవాణ్ణి చూసి ఉంటారు. చేయి క్షణం ఆగితే కర్ర పడిపోతుంది. కాని వాడు కోరిన ప్రక్కకు కర్ర వెంటనే వాలుతుంది. ఈ విమానమూ అంతే. మనిషి చేయి అంత వేగంగా సవరించలేదు గనుక కంప్యూటరే క్షణక్షణమూ సవరిస్తూ ఉండాలి. పైలటు పిడిని కదిపితే ఆ కోరిక తీగల ద్వారా కంప్యూటరుకు చేరుతుంది. కంప్యూటరు చెప్పినట్లు రెక్కల అంచులు కదులుతాయి. వెనుక అడ్డరెక్కలు లేని త్రికోణ విమానం కావడంతో ముక్కు ఎత్తడానికీ, ప్రక్కకు వాలడానికీ ఆ అంచులే దిక్కు.

కంప్యూటరు చెడితే ఎట్లా? అందుకు నలుగురు పెద్దమనుషుల పంచాయతీ వంటి ఏర్పాటు చేశారు. నాలుగు వరుసలు ఒకే లెక్కను విడివిడిగా చేస్తాయి. ఒకటి తక్కిన మూడింటితో విభేదిస్తే దానిని ప్రక్కన పెడతారు. సలహాదారుగా ఉన్న ఫ్రాన్సుకు చెందిన దస్సో సంస్థ 1988లో మూడు అంకెల కంప్యూటరు వరుసలూ, వాటికి తోడుగా ఒక పాతకాలపు పద్ధతి వరుసా పెట్టుకోమని సూచించింది. మనవారు నాలుగూ అంకెల కంప్యూటరు వరుసలే కావాలన్నారు. అది అప్పటికి మన దేశంలో ఎవరూ చేసి చూడని పని. దారి పొడుగైనా పై తరానికి పనికి వచ్చే విద్య చేతికి వస్తుందని ఎంచుకున్న దారి అది. ఆలస్యానికి గల కారణాలలో ఇది ఒకటి.

రెండవ పెద్ద నిర్ణయం శరీరం విషయం. లోహపు రేకులకు బదులు కార్బను నారను జిగురుతో పొరలు పొరలుగా పేర్చి కాల్చిన పదార్థం వాడారు. విమాన శరీరం బరువులో సుమారు 45 శాతం ఈ పదార్థమే. బరువు తగ్గింది, అతుకులు తగ్గాయి, మేకులూ తగ్గాయి.

1993 ఏప్రిల్‌లో రెండు ప్రదర్శన విమానాలతో కూడిన మొదటి దశకు ప్రభుత్వం 2,188 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. 1995 నవంబరు 17న మొదటి విమానం కర్మాగారం నుండి వెలుపలికి వచ్చింది. చప్పట్లు కొట్టారు, ఫోటోలు తీశారు. అటుపైన అయిదేళ్ళకు పైగా అది ఎగరలేదు! పత్రికలు ఎద్దేవా చేశాయి. పన్ను కట్టే ప్రజలు అడగడంలో తప్పు లేదు.

ఆ అయిదేళ్ళలో జరిగిందేమిటి? విమానం శరీరం కళ్ళకు కనబడుతుంది. దానిని నడిపే లెక్క కనబడదు. ఆ లెక్క తప్పయితే రెప్పపాటులో విమానమూ పైలటూ ఉండరు. ఇనుప పక్షి అని పేరు పెట్టిన ఒక చట్రం మీద అసలు గొట్టాలూ, యంత్రాలూ, కంప్యూటర్లూ అమర్చి, ఎగరకుండానే ఎగిరినట్లు పరీక్షలు చేశారు. 1996లో అమెరికాలో, వేరే విమానం వలె ప్రవర్తించగల ప్రత్యేకమైన ఎఫ్-16లో మన లెక్కలు పెట్టి గాలిలో పరీక్షించారు. లాక్‌హీడ్ మార్టిన్ సంస్థ ఈ పనిలో సహాయం చేసేది.

1998 మే నెలలో పోఖ్రాన్ అణు పరీక్షలు జరిగాయి. వెంటనే అమెరికా ఆంక్షలు విధించింది. అక్కడ పనిచేస్తున్న మన ఇంజనీర్లు తిరిగి రావలసి వచ్చింది, సామగ్రి అక్కడే చిక్కుకుపోయింది. ఇక్కడితో ఈ విమానం కథ ముగిసినట్లేనని చాలామంది అనుకున్నారు. తల్లిదండ్రులు ఊళ్ళో ఇల్లు అమ్మి చదివించిన పిల్లవాణ్ణి ఆఖరి పరీక్షకు ముందు కళాశాల నుండి పంపివేస్తే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి.

కథ ముగియలేదు. దానికి కారణం ఆంక్షలకు ఆరేళ్ళ ముందు తీసుకున్న జాగ్రత్త. 1992లోనే బెంగుళూరు జాతీయ ప్రయోగశాలలో శ్యామ్ చెట్టిగారి నాయకత్వాన ఈ నడిపే లెక్కల కోసం ఒక జట్టును ఏర్పాటు చేశారు. అమెరికా సహాయం తీసుకొన్నా, లెక్కలు మన జట్టు చేతి నుండి జారిపోలేదు. యంత్రాలను ఆపవచ్చు, మనుషుల తలలలో ఉన్నదానిని సుంకం కచేరీలో ఆపలేరు గదా! మిగిలిన పనిని రెండున్నరేళ్ళలో ఇక్కడే పూర్తి చేశారు. ఎవరి ముక్క వారు తెచ్చి ఇవ్వడమే సిస్టమ్స్ పని అయి ఉంటే, ముక్క తెచ్చేవాడు మానుకున్న రోజున ఆగిపోయేది. మొత్తం ఎందుకు అట్లా ఉన్నదో తెలిసినవారు ఇక్కడ ఉన్నారు గనుక ఆగలేదు. నాసిక్‌లో పటం చెప్పని ఆ 'ఎందుకు' బెంగుళూరులో దొరికింది.

2001 జనవరి 4వ తేదీన వింగ్ కమాండర్ రాజీవ్ కొఠియాల్ ఆ విమానాన్ని బెంగుళూరులో పైకి ఎత్తి 18 నిమిషాలు నడిపి క్షేమంగా దించారు. అనుమతి వచ్చిన 1983 నుండి లెక్క వేస్తే 18 ఏళ్ళకు 18 నిమిషాలు! మారుత్ మొదట ఎగిరిన నలభై ఏళ్ళకు మన దేశం మళ్ళీ స్వంతంగా రూపొందించిన యుద్ధ విమానం గాలిలోకి లేచింది. 2003లో ప్రధాని వాజ్‌పేయిగారు దానికి తేజస్ అని పేరు పెట్టారు.

జమాఖర్చు చెప్పేటప్పుడు జమ ఒక్కటే చెప్పడం ధర్మం కాదు. వాయుసేనలో మొదటి తేజస్ దళం ఏర్పడింది 2016 జులై 1న మాత్రమే. స్వదేశీ కావేరీ ఇంజను ఈ విమానానికి సరిపోయే స్థితికి రాకపోవడంతో 2008లో దానిని తేజస్ నుండి విడదీశారు. తేజస్ అమెరికా ఇంజనుతోనే ఎగిరింది. ఒక దేశం మీద మరొక దేశం ఆధారపడడమంటే ఏమిటో 1998లో చూసినవారికి ఈ లోటు చిన్నదిగా కనబడదు. మరొక వైపు, 2001 నుండి 2024 మార్చి దాకా ఒక్క తేజస్ కూడా కూలలేదు. కొత్త యుద్ధ విమానాలలో ఇది అరుదైన విషయం. 2024 మార్చి 12న జైసల్మేర్ దగ్గర ఒకటి కూలింది, పైలటు బయటపడ్డాడు. 2025 నవంబరు 21న దుబాయి ప్రదర్శనలో మరొకటి కూలి పైలటు వీరమరణం పొందాడు. ఈ ఉద్యోగంలో లెక్కకు అటువైపు ఎప్పుడూ ఒక మనిషి ప్రాణం ఉంటుంది. అందువల్లనే తొందరపడని ఇంజనీరును నిందించే ముందు మనం కొంచెం ఆలోచించాలి. అట్లాగని ప్రతి ఆలస్యమూ జాగ్రత్త కాదు. ఏది జాగ్రత్త, ఏది అలసత్వం అని విడదీసి అడగడం ప్రజల హక్కు.

హరినారాయణగారికి 2002లో పద్మశ్రీ వచ్చింది. అదే సంవత్సరం హైదరాబాదు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులై 2005 వరకు పనిచేశారు. బరంపురంలో మొదలై కాశీ, బెంగుళూరు, బొంబాయి, నాసిక్‌ల మీదుగా నడిచిన జీవితం తెలుగు రాజధానికి ఆ విధంగా చేరింది. ఏ విమానాన్ని తొలగించడానికి తేజస్‌ను తలపెట్టారో ఆ మిగ్-21 2025 సెప్టెంబరు 26న మన వాయుసేన నుండి సెలవు తీసుకున్నది.

ఈ చరిత్రను మన సంఘం సంచికలో వ్రాయడానికి కారణం ఒకటే. ఈ ఉద్యోగానికి కావలసిన గుణాలు వలస కుటుంబాలలో పుట్టిన పిల్లలకు క్రొత్తవి కావు. ఇంట తెలుగు, వీధిలో ఒడియా, ఆఫీసులో హిందీ, పుస్తకంలో ఇంగ్లీషు. నాలుగు భాషల మధ్య మాట పోకుండా చేరవేయడం మన పిల్లలు ఉగ్గుపాలతో నేర్చుకున్నారు. ఒకరి మాట మరొకరికి అర్థమయ్యేట్లు చెప్పగలగడమే సిస్టమ్స్ ఇంజనీరు పనిలో సగం. మిగిలిన సగం కష్టపడి చదవాలి. ముందు ఒక విద్యను లోతుగా నేర్వాలి, తరువాత ప్రక్కవాడి విద్యను గౌరవంతో తెలుసుకోవాలి. లెక్కలు శుభ్రంగా వ్రాసే అలవాటు ఉండాలి. పైలటు మెడలో దండ పడేటప్పుడు తాను గుంపులో వెనుక నిలబడగల ఓర్పు ఉండాలి.

తల్లిదండ్రులకు మా మనవి. పిల్లవాడు ఇంజనీరింగులో చేరినప్పుడు జీతం ఎంత అని అడగడంతో ఆగకండి. నీవు చేసే పని ఎవరి పనితో కలుస్తుంది, ఆ కలిసేచోటును చూసేవారెవరు అని కూడా అడగండి. జవాబు తెలియకపోతే, తెలుసుకొని రమ్మనండి. బరంపురం నుండి బెంగుళూరుకు మన రైళ్ళు రోజూ పోతూనే ఉన్నాయి. వచ్చే ఉగాదులలో ఆ బండి ఎక్కే మన పిల్లల పేర్లు ఈ సంచికలో అచ్చు కావాలని కోరుతూ, సభ్యులందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు అందజేస్తున్నాము.